బారసాల జరగని టీకా

2007 మార్చి 1న ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక గెలుపు వార్త అచ్చయింది. నేపాల్ సైన్యంలో దాదాపు రెండు వేల మంది మీద ఒక కొత్త టీకాను పరీక్షించారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి సూది. మూడు మోతాదులూ వేయించుకున్నవాళ్లను రెండేళ్లకు పైగా కనిపెట్టి చూశారు. ఉత్తుత్తి సూది పడ్డవాళ్లలో 66 మందికి హెపటైటిస్ ఈ కామెర్లు వచ్చాయి. అసలు టీకా పడ్డవాళ్లలో ముగ్గురికే వచ్చాయి. అంటే నూటికి 95.5 పాళ్ల రక్షణ. టీకాలు తయారుచేసేవాళ్లు ఇలాంటి అంకె కోసమే జీవితాలు ధారపోస్తారు.

ఆ తర్వాత ఆ టీకా జనం దాకా రానేలేదు. ఏ దేశమూ దానికి లైసెన్సు ఇవ్వలేదు. ఏ మందుల షాపుకూ అది చేరలేదు. అమ్మకానికి పెట్టుకునే పేరు కూడా దానికి లేదు. శాస్త్ర పత్రాల్లో ‘ఆర్‌హెచ్‌ఈవీ’ అన్న పొడి అక్షరాలతోనే ఇప్పటికీ కనిపిస్తుంది. బిడ్డ పుట్టింది, ఆరోగ్యంగా ఉందని పరీక్షలన్నీ చెప్పాయి, బారసాల మాత్రం జరగలేదు.

ఓడినవాళ్ల పతనాల గురించి చెప్పే కథలు మనకు చాలా ఉన్నాయి. గెలిచాక కూలిపోయినదాని కథ చెప్పాలంటే ముందు అది ఎవరి మీద యుద్ధానికి పుట్టిందో చెప్పుకోవాలి.

మన ఊళ్లలో కామెర్లంటే ఒకటే జబ్బు. కళ్లు పచ్చబడగానే పసరు మందు పోసే ఊరి పేరు ఎవరో ఒకరు చెబుతారు. నేల ఉసిరి నూరి తాగిస్తారు. నూనె మాన్పించి చప్పిడి పథ్యం పెడతారు. వైద్యుల పుస్తకాల్లోనూ చాలాకాలం వైరస్ కామెర్లు రెండు రకాలే. కలుషితమైన నీటితో, తిండితో వచ్చేది ఒకటి, రక్తంతో వచ్చేది ఇంకొకటి. నీటితోనే వచ్చే మరో శత్రువు ఉందన్న సాక్ష్యం ఢిల్లీలో దొరికింది. దాన్ని చదవడానికి మాత్రం పాతికేళ్లు పట్టింది.

1955 చివర్లో వరదలొచ్చి యమున దారి మార్చుకుంది. నజఫ్‌గఢ్ కాలువ మురుగు ఎదురు తన్ని, వజీరాబాద్‌లో నగరానికి నీళ్లు తోడే చోటికి చేరింది. నీటి శుద్ధి కేంద్రం సిబ్బంది ప్రమాదం పసిగట్టి క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ రాలేదు. గండం గడిచిందనుకున్నారు. కొన్ని వారాలు గడిచేసరికి డిసెంబరు, జనవరి నెలల్లో ఊరంతా పచ్చకళ్లే. సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చాయని లెక్క తేల్చారు. క్లోరిన్‌కు బాక్టీరియా చచ్చింది, వైరస్ దాటుకుని వచ్చింది. అది అప్పటికే తెలిసిన హెపటైటిస్ ఏ అయ్యుంటుందని అందరూ సరిపెట్టుకున్నారు. ఆనాటి రోగుల రక్తం భద్రపరచి ఉంది. పుణే వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలోని రాబర్ట్ పర్సెల్ బృందం కలిసి ఆ నమూనాలను తిరిగి పరీక్షించి, 1980లో సంగతి తేల్చారు: అది ఏ కాదు, బీ కాదు.

ఆ రోజుల్లోనే కశ్మీర్ లోయలో మహమ్మద్ సుల్తాన్ ఖురూ అనే యువ వైద్యుడు అదే నిర్ణయానికి ఇంకో దారిలో వచ్చాడు. 1978 చలికాలంలో సోపోర్, బారాముల్లా చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లు కామెర్లతో పడకేశాయి. సుమారు 52,000 మంది జబ్బుపడ్డారనీ, 1,700 మంది చనిపోయారనీ ఆయన తర్వాత అంచనా కట్టారు. చావులు అందరి మీదా సమానంగా పడలేదు. నెలలు నిండుతున్న ఆడవాళ్లను అది వెతికి వెతికి పట్టుకుంది. మామూలు మనిషికి నాలుగు వారాలు నీరసం తెచ్చిపెట్టే జబ్బు, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే నూటికి ఇరవై నుంచి ఇరవై అయిదు మందిని తీసుకుపోతుంది. ఎందుకలా జరుగుతుందో వైద్యశాస్త్రం ఇప్పటికీ పూర్తిగా విప్పలేదు. ఈ ఒక్క లక్షణాన్ని గుర్తుంచుకోవాలి. ఈ కథలో ఎవరి కోసం టీకా కావాలో, దాన్ని ఎవరి మీద పరీక్షించారో రెండూ వేర్వేరు.

వైరస్ మొదటిసారి మనిషి కంటపడింది మాస్కోలో. అఫ్గానిస్తాన్‌లో ఉన్న సోవియట్ సైనికులకు కామెర్లు వ్యాపించాయి. మిఖాయిల్ బలయాన్ అనే వైరస్‌ల శాస్త్రవేత్త ఆ సైనికుల మలం నుంచి వడకట్టిన ద్రవాన్ని తానే తాగాడు. ఐదు వారాలు దాటాక ఆయనకు జబ్బు చేసింది. తన మలంలోనే ఆ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాడు. 1983లో ఆ సంగతి ప్రకటించాడు. 1990లో ఆయన ఇంకో ప్రయోగం చేశాడు. ఈ వైరస్‌ను పెంపుడు పందులకు ఎక్కించి చూశాడు. ఇది మనుషుల మురుగుతో మొదలై మనుషుల మురుగుతోనే ఆగే జబ్బు కాకపోవచ్చన్న అనుమానం ఆ రోజే మొదలైంది. ఆ అనుమానాన్ని అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

టీకా మూలాలు పాకిస్తాన్‌లో ఉన్నాయి. 1987లో సర్గోధాలో కామెర్లు ప్రబలినప్పుడు ఒక వైరస్‌ను సేకరించారు. అది అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థకు చేరింది. అక్కడ పర్సెల్, సుజాన్ ఎమర్సన్‌ల ప్రయోగశాల దాని జన్యువులను చదివింది. వైరస్ ఒంటి మీద కవచంలా ఉండే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును తీసి, పురుగులకు సోకే ఇంకో వైరస్‌లో పెట్టి, ఒక చిమ్మట పురుగు కణాల్లో పెంచింది. ఆ కణాలు కవచాన్ని మాత్రమే తయారుచేస్తాయి, లోపల వైరస్ ఉండదు. ఒంటికి శత్రువు వేషం చూపించి, శత్రువును మాత్రం చూపించకపోవడం ఈ టీకా పద్ధతి. కోతులకు వేసి చూశారు. ఆ తర్వాత వైరస్ ఎక్కించినా కోతులు తట్టుకున్నాయి. 1990ల మధ్యకు వచ్చేసరికి మనుషులకు వేసే రోజు దగ్గరపడింది.

దానికి ముందు నడిచిన ఒక అన్న ఉన్నాడు. హెపటైటిస్ ఏ టీకా. థాయ్‌లాండ్‌లోని కాంఫెంగ్ ఫెట్ ప్రాంతంలో నలభై వేల మంది బడిపిల్లల మీద అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించారు. ఫలితాలు 1994లో అచ్చయ్యాయి. మరుసటి ఏడాదే ఆ టీకాకు అమెరికాలో లైసెన్సు వచ్చింది. ఆ విజయానికి ఒక రహస్యముంది. హెపటైటిస్ ఏ పేద దేశాల్లో పుట్టినా, సెలవులకు బయల్దేరే ధనిక దేశాల యాత్రికుడికీ సోకుతుంది. విమానం టికెట్టు కొనుక్కున్నవాడు టీకా కూడా కొంటాడు. థాయ్ పిల్లల చేతుల మీద రుజువైన మందు యూరప్, అమెరికా యాత్రికుల సంచీల్లోకి చేరింది. తమ్ముడికీ అదే బాట దొరుకుతుందని అదే సైనిక శాస్త్రవేత్తలు, అదే కంపెనీ అనుకున్నారు. హెపటైటిస్ ఏ టీకా తయారుచేసిన స్మిత్‌క్లైన్ బీచమ్ అప్పటికి గ్లాక్సోతో కలిసి జీఎస్‌కే అయింది.

పరీక్షకు కాఠ్మాండూ లోయను ఎంచుకున్నారు. 1973 నుంచీ ఆ లోయలో కామెర్లు మళ్లీ మళ్లీ వచ్చి పోతున్నాయి. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు పక్కపక్కనే నడిచే ఊరు. అమెరికా సైనిక శాస్త్రవేత్తలు అక్కడ ముందునుంచీ పరిశోధన కేంద్రం నడుపుతున్నారు. ఆ కేంద్రం చేసిన పనుల్లో ఒకదాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. 1995లో వాళ్లు కాఠ్మాండూ లోయలోని పందుల్ని పరీక్షించారు. వాటిలో హెపటైటిస్ ఈ ఆనవాళ్లు దొరికాయి. రెండేళ్ల తర్వాత, 1997లో, బెథెస్డాలో టీకా పుట్టిన ప్రయోగశాల మనుషులే షియాంగ్‌జిన్ మెంగ్‌తో కలిసి అమెరికా పందుల్లో ఒక కొత్త వైరస్‌ను కనిపెట్టారు. మనిషి హెపటైటిస్ ఈకి అది దగ్గరి చుట్టం. మూడు నెలలు దాటిన పందుల్లో ఎక్కువ వాటికి అప్పటికే అది సోకి పోయింది. అదే కాలంలో, ఈ జబ్బు ప్రబలే దేశాలకు ఈమధ్య వెళ్లని ఒక అమెరికన్ రోగిలో దొరికిన వైరస్ ఆ పందుల వైరస్‌తో దాదాపు కలిసిపోయింది.

టీకాను పెంచినవాళ్లే తమ పెరటి పందుల్లో శత్రువును చూశారు. అది ఎక్కడో దూరదేశపు మురుగు జబ్బు కాదని వాళ్ల చేతుల్లోనే రుజువు ఉంది. ఈ రుజువు ఒక్కటి టీకా భవిష్యత్తు తేల్చే బల్ల మీదికి చేరి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. పందుల సంగతి ఒక దారిన పోయింది, టీకా సంగతి సైన్యం దారిన పోయింది.

లోయలో ముందుగా అనుకున్నది కాఠ్మాండూకు ఆనుకునే ఉన్న లలిత్‌పుర్ నగరవాసుల మీద పరీక్ష. జనం ఒప్పుకోలేదు. స్థానిక నాయకులు ఎదురు తిరిగారు. మా మీద పరీక్ష చేసుకుంటారు సరే, తర్వాత ఆ మందు మాకు దొరుకుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. చిన్న ప్రశ్నే. దానికి జవాబు చెప్పే బదులు పరీక్షను మరో చోటికి మార్చారు. రాయల్ నేపాల్ ఆర్మీ బారకాసుల్లోకి. సైనికుడు ఒక చోట ఉంటాడు, పిలిస్తే వస్తాడు, రక్తం ఇమ్మంటే ఇస్తాడు. అయితే అధికారి ఎదుట నిలబడి నాకొద్దు అని చెప్పగలిగే సిపాయి ఎంతమంది ఉంటారు? ఆ తర్వాత ఒక వైద్యనీతి పత్రికలో ఈ ప్రశ్నలన్నీ లేవనెత్తారు. సైనికులు స్వచ్ఛందంగానే వచ్చారని పరీక్ష నడిపినవాళ్లు చెప్పారు.

2001లో సూదులు మొదలయ్యాయి. నేపాల్‌కు అది కాళరాత్రి లాంటి ఏడాది. జూన్ 1 రాత్రి నారాయణహితి ప్యాలెస్‌లో రాజకుటుంబంలో పలువురు తుపాకీ కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. నవంబరులో దేశంలో అత్యవసర పరిస్థితి విధించి, మావోయిస్టుల మీదికి సైన్యాన్ని దించారు. టీకా వేయించుకున్న సిపాయిలు ఆ అంతర్యుద్ధపు సిపాయిలే. మొదటి సూది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. పట్టీలో పేర్లు చూసుకుని, దండు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, ఎవరికి ఒళ్లు వేడెక్కినా, ఎవరి కళ్లు పచ్చబడినా రక్తం తీసి లెక్క రాశారు. యుద్ధం మధ్యలో ఇలాంటి పరీక్షను చెడకుండా నడపడం మామూలు పని కాదు. పాల్గొన్నవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే, వయసులో ఉన్నవాళ్లే. ఈ జబ్బు ఎవరిని చంపుతుందో ఆ ఆడవాళ్లు ఆ పట్టీలో లేరు.

పరీక్ష ముగిసి, ఫలితం అచ్చయ్యే లోపలే వైరస్ తన పని తాను చేసుకుపోయింది. 2004లో సూడాన్‌లో పశ్చిమ డార్ఫూర్‌లోని మోర్నే శిబిరంలో 2,621 మందికి కామెర్లు వచ్చాయి. చనిపోయిన 45 మందిలో 19 మంది గర్భిణులు. 2005లో వంతు హైదరాబాద్‌ది. పాతబస్తీలో మురుగు కాలువల్ని దాటుకుంటూ వెళ్లే మంచినీటి గొట్టాలున్న వార్డుల్లో వెయ్యికి పైగా జనం జబ్బుపడ్డారు. యాభై ఏళ్ల నాటి ఢిల్లీకీ, ఆ హైదరాబాద్‌కీ మధ్య వైరస్ దృష్టిలో మార్పేమీ లేదు. మన ఊళ్లో ఆస్పత్రి మంచాలు నిండుతున్నప్పుడు, ఆ రోగాన్ని ఆపగల టీకా ఒకటి నేపాల్ బారకాసుల్లో తన శక్తి చూపించి, అచ్చుకు ఎదురుచూస్తూ ఉంది.

2007 మార్చిలో అచ్చయింది. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కంపెనీ ముందుకు కదల్లేదు.

ఏ కుట్రా జరగలేదు, ఎవరూ ఫైళ్లు తగలబెట్టలేదు. ఒక ఔషధ సంస్థకు టీకా అంటే పరీక్షతో అయిపోయేది కాదు. కర్మాగారం కట్టాలి, లక్షల మోతాదులు ఒకే నాణ్యతతో తియ్యాలి, పిల్లల్లో, గర్భిణుల్లో వేర్వేరు పరీక్షలు చెయ్యాలి, దేశం దేశానికీ అనుమతులు తెచ్చుకోవాలి. ఇదంతా తిరిగి రాబట్టుకోవాలంటే కొనేవాడు కావాలి. మోర్నే శిబిరంలో గర్భిణి కొనలేదు. బిహార్ సరిహద్దు పల్లె కొనలేదు. యాత్రికులకు ఈ జబ్బు రావడం అరుదని అప్పటి లెక్క. నేపాల్ ప్రభుత్వం పరీక్షకు తన సైనికుల్ని ఇచ్చింది, టీకా కొనగల శక్తి దానికి లేదు. పరీక్షకు డబ్బు పెట్టిన అమెరికా సైన్యపు అవసరం, పేద దేశపు గర్భిణి అవసరం ఒకటే అయితే దారి తెరుచుకునేది. అవి ఒకటి కాలేదు. లలిత్‌పుర్ జనం అడిగిన ప్రశ్నకు జవాబు అలా వచ్చింది.

పతనం ఒక్క రోజులో జరగలేదు. ఏడాది ఏడాదికీ ఒక అవకాశం వచ్చి, తలుపు తట్టి, వెనక్కి పోయింది.

2007 అక్టోబరు. ఫలితం అచ్చయి ఏడు నెలలు. ఉత్తర ఉగాండాలోని కిట్గుమ్ జిల్లాలో, యుద్ధానికి ఊళ్లు వదిలి శిబిరాల్లో బతుకుతున్నవాళ్లలో కామెర్లు మొదలయ్యాయి. 2009 జూన్ నాటికి 10,196 మంది జబ్బుపడ్డారు, 160 మంది చనిపోయారు. నీళ్లు శుద్ధి చేశారు, మరుగుదొడ్లు తవ్వారు, చేతులు కడుక్కోమని చెప్పారు. టీకా మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి సీసాల్లో నింపిన మోతాదులు ఉండాలి కదా.

అదే 2007లో వర్జీనియాలో మెంగ్ బృందం ఇంకో పని చేసింది. కిరాణా దుకాణాల్లో అమ్మే పంది లివర్ ప్యాకెట్లు 127 కొని తెచ్చి పరీక్షించింది. 14 ప్యాకెట్లలో వైరస్ జాడ దొరికింది. కొన్నింటిలో అది బతికే ఉంది, పందులకు ఎక్కిస్తే సోకింది. జపాన్ ఈ సంగతి ఇంకా ముందే తెలుసుకుంది. హొక్కైడోలో హెపటైటిస్ ఈ వచ్చిన పది మందిలో తొమ్మిది మంది సరిగా ఉడకని పంది లివర్ తిన్నవాళ్లని, దుకాణాల్లో కొన్న 363 పచ్చి లివర్ ప్యాకెట్లలో ఏడింటిలో వైరస్ ఉందని 2003లో బయటపెట్టారు. అదే ఏడాది హ్యోగోలో పచ్చి జింక మాంసం తిని నలుగురు జబ్బుపడ్డారు. వాళ్లు తినగా మిగిలి ఫ్రీజర్‌లో పెట్టుకున్న ముక్కలో ఉన్న వైరస్, వాళ్ల ఒంట్లోని వైరస్ ఒకటేనని తేలింది. అడవి జంతువు నుంచి పళ్లెంలోకి, పళ్లెం నుంచి కాలేయంలోకి అది నడిచొచ్చిన దారి అంత స్పష్టంగా దొరకడం అదే మొదలు.

2008లో ఫ్రాన్స్‌లోని తులూజ్ వైద్యులు నసీం కమర్ నాయకత్వంలో కొత్త కబురు చెప్పారు. అవయవమార్పిడి చేయించుకున్నవాళ్లలో, శరీర రక్షణశక్తిని అణచే మందులు వాడేవాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు నాలుగు వారాలకు పోదు. ఏళ్ల తరబడి ఉండిపోయి కాలేయాన్ని గట్టిపరుస్తుంది. 2010లో కోర్సికా ద్వీపపు ఫిగటెల్లు అనే పంది లివర్ సాసేజ్‌ను పచ్చిగా తినేవాళ్లకు ఇది సోకుతోందని తేలింది. 2014లో ఇంగ్లండ్‌లో 2,25,000 మంది రక్తదాతల రక్తాన్ని పరీక్షిస్తే 79 మందిలో వైరస్ తిరుగుతోంది. వాళ్లలో జబ్బున్నట్టు కనిపించేవాళ్లు లేరు. ఐరోపా దేశాల్లో పదేళ్లలో నమోదైన కేసులు 21,000 దాటాయని 2017లో అక్కడి ఆహార భద్రతా సంస్థ లెక్క చెప్పింది. 2015లో జపాన్ హోటళ్లలో పచ్చి పంది మాంసం, పచ్చి లివర్ వడ్డించడం నిషేధించారు. లివర్‌తో చేసిన వంటకంలో వైరస్ పూర్తిగా చావాలంటే లోపలి దాకా 71 డిగ్రీల వేడి ఇరవై నిమిషాలు తగలాలని ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇన్నాళ్లూ దూరదేశపు మురుగు జబ్బు అనుకున్నది ధనిక దేశాల భోజనాల బల్ల మీదికి వచ్చి కూర్చుంది.

ఇక్కడ రెండు రకాల వైరస్‌ల తేడా చెప్పాలి. ఢిల్లీ, కాఠ్మాండూ, కిట్గుమ్‌ల లాంటి చోట్ల జనాన్ని కూల్చేవి మొదటి, రెండో జన్యురకాలు. అవి మనుషులకే సోకుతాయి. పందులు, అడవిపందులు, జింకల నుంచి మాంసం ద్వారా వచ్చేవి మూడు, నాలుగు రకాలు. అయినా ఒంటికి అవన్నీ ఒకే శత్రువులా కనిపిస్తాయి. ఒక రకం కవచం చూపిస్తే మిగతా రకాల్నీ గుర్తుపడుతుంది. అంటే సర్గోధా వైరస్‌తో తయారైన టీకాకు తులూజ్ రోగినీ, కోర్సికా రైతునూ కాపాడే అవకాశం ఉంది. శాస్త్రం ఈ రెండు లోకాలనూ కలిపి చూపించింది. మార్కెట్టు కలపలేదు.

అవకాశం వృథా కాలేదని చెప్పడానికి చైనా ఒక సాక్షి. షియామెన్ విశ్వవిద్యాలయంలో షియా నింగ్‌షావో బృందం అదే కవచ ప్రొటీన్ ముక్కను ఇంకో దారిలో, మామూలు బాక్టీరియాలో పెంచి టీకా చేసింది. జియాంగ్సు రాష్ట్రంలో 1,12,604 మంది మీద పరీక్షించారు. మూడు మోతాదులూ పడ్డాక ఏడాది లోపల ఉత్తుత్తి వర్గంలో 15 మందికి జబ్బు వచ్చింది, టీకా వర్గంలో ఒక్కరికీ రాలేదు. ఆ ప్రాంతంలో తిరిగేది ఎక్కువగా జంతువుల నుంచి వచ్చే నాలుగో రకం. తయారుచేసింది మొదటి రకంతో, కాపాడింది నాలుగో రకం నుంచి. 2011 డిసెంబరులో చైనా దానికి లైసెన్సు ఇచ్చింది, హెకోలిన్ అని పేరు పెట్టారు. నాలుగున్నరేళ్ల తర్వాత కూడా 86.8 పాళ్ల రక్షణ మిగిలి ఉందని 2015లో తేలింది.

హెకోలిన్ కథ సుఖాంతం అయ్యుంటే నేపాల్ టీకా పతనాన్ని మనం మర్చిపోయి ఉండవచ్చు. అలా జరగలేదు. చైనా దాటి దాన్ని వెంటనే అందుకున్న దేశాలు లేవు. 2014 వేసవిలో నేపాల్‌లోని బిరాట్‌నగర్‌లో, మన దేశ సరిహద్దు జోగ్‌బనీకి కూతవేటు దూరంలో, కొళాయి నీళ్ల వల్ల వెయ్యి మందికి పైగా హెపటైటిస్ ఈ కామెర్లతో ఆస్పత్రుల పాలయ్యారు. ప్రపంచంలో ఈ జబ్బు టీకాకు మొదటి పెద్ద రుజువు ఇచ్చిన దేశంలో, ఆ రుజువు అచ్చయిన ఏడేళ్లకు, ఆస్పత్రి గుమ్మాల ముందు క్యూలున్నాయి, టీకా లేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వ్యాధి ప్రబలినప్పుడు ఈ టీకాను గర్భిణులకు కూడా వేసే విషయం ఆలోచించవచ్చని చెప్పింది. ఆలోచన సూదిగా మారడానికి మరో ఏడేళ్లు పట్టింది. 2022 మార్చి నుంచి దక్షిణ సూడాన్‌లోని బెంటియు శిబిరంలో, ఆ దేశ ఆరోగ్య శాఖ, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి దాదాపు 25,000 మందికి హెకోలిన్ వేశారు. వాళ్లలో గర్భిణులూ ఉన్నారు. వ్యాధి ప్రబలుతుండగా దాన్ని ఆపడానికి ఈ టీకాను వాడటం ప్రపంచంలో అదే మొదటిసారి. నేపాల్ ఫలితం అచ్చయి అప్పటికి పదిహేనేళ్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా రెండు కోట్ల మందికి ఈ వైరస్ సోకుతుంది. 2015 ఒక్క ఏడాదిలో 44,000 మంది చనిపోయారు. కాఠ్మాండూ టీకా పుణ్యాన తప్పిన చావు ఒక్కటీ లేదు.

పందుల వైపు నుంచి జబ్బును ఆపవచ్చు కదా అని అడగొచ్చు. అక్కడా ఇదే కథ. ఈ వైరస్ సోకిన పంది రెండు మూడు నెలల వయసులో దాన్ని మోసి, విడిచి, మామూలుగా బరువు పెరుగుతుంది. దగ్గదు, తిండి మానదు, చావదు. పందుల పెంపకందారుకు ఒక్క రూపాయి నష్టం లేదు. తన మందలో కనబడని జబ్బుకు టీకా డబ్బు ఎవరు పెడతారు? మురుగునీటి జబ్బులో నష్టపోయేవాడి దగ్గర డబ్బు లేదు, మాంసపు జబ్బులో డబ్బున్నవాడికి నష్టం లేదు. రెండు చోట్లా టీకా అనాథే.

మన హైదరాబాద్‌కు ఇలాంటి అనాథను చేరదీసిన చరిత్ర ఉంది. 1990ల్లో హెపటైటిస్ బీ టీకా మన దేశంలో మామూలు మనిషికి అందని ధరలో ఉండేది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను మన దేశంలోనే తయారుచేసి బజారులోకి తెచ్చాక ధర దిగివచ్చింది. ఒక జబ్బుకు టీకా కనిపెట్టడం ఎంత పనో, దాన్ని మా జనానికి కావాలని అనుకునే చేతుల్లో పెట్టడమూ అంతే పని అని ఆ అనుభవం మన తెలుగు నేల మీదే రుజువు చేసింది. నేపాల్‌లో గెలిచిన టీకాకు అలాంటి చేతులు దొరకలేదు. హెపటైటిస్ ఈని మళ్లీ మళ్లీ దగ్గర్నుంచి చూసిన దేశం మనది, ఢిల్లీలో, కశ్మీర్‌లో, మన పాతబస్తీలో. టీకాల తయారీలో ప్రపంచానికే పెద్దన్న అనిపించుకున్నదీ మనమే. అయినా 2022లో బెంటియులో వేసిన సూది చైనాదే అయింది. ఆ నాటికి మన దేశంలోగానీ, నేపాల్‌లోగానీ, అమెరికాలోగానీ, యూరప్‌లోగానీ ఈ జబ్బుకు లైసెన్సున్న టీకా ఒక్కటీ లేదు.

సర్గోధాలో పుట్టి, బెథెస్డాలో పెరిగి, కాఠ్మాండూలో గెలిచి, గెలిచాక కూలిన ఆ టీకాను ఏ శాస్త్రవేత్తా తప్పు పట్టలేడు. పరీక్షించిన సిపాయిల్లో దాని సామర్థ్యం మీద సందేహం మిగల్లేదు. దాన్ని ఓడించిన ప్రశ్న ఒక్కటే, అది లలిత్‌పుర్ వీధుల్లో జనం అడిగిన ప్రశ్నే. పరీక్ష అయిపోయాక మందు మాకు దొరుకుతుందా? రేపు ఏ జబ్బుకు ఏ పల్లెలో టీకా పరీక్ష మొదలైనా, మొదటి సూది వేసే ముందు ఆ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఆ కాగితం లేకపోతే, నూటికి 95 పాళ్లు నెగ్గిన టీకా కూడా నిలవదని నేపాల్ మనకు నేర్పింది.